చివరికి చంపెయ్యాలా, పెళ్ళి చెయ్యాలా?

సీరియల్ చూసిన ఆడవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే తగువు రాకుండా ఉంటుందా చెప్పండి! 'కార్తీకదీపం' వచ్చినన్నాళ్ళూ, అంటే 2017 నుంచి 2023 దాకా, డాక్టర్ బాబు అలా అనుమానించడం న్యాయమేనా అని మన అమలాపురం, రాజోలు వీధుల్లో ఎన్ని వాదనలు జరిగాయో మీకూ తెలుసు. ఇప్పుడా వాదనలకి కొత్త సరుకొచ్చింది. ఇద్దరు మగపిల్లలు ప్రేమించుకునే సీరియల్సు, ఇద్దరు ఆడపిల్లలు ప్రేమించుకునే సీరియల్సు. థాయ్‌లాండ్‌వి, కొరియావి, ఇంగ్లీషువి. కాకినాడలోనో, భీమవరంలోనో చదువుకునే పిల్లలు సెలవులకొచ్చి ఫోన్లో చూస్తుంటారు. పక్కన చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చున్న మనం ఓ కన్ను వేస్తాం. రెండో భాగానికొచ్చేసరికి రెండు కళ్ళూ అక్కడే ఉంటాయి!

"ఛీ, ఇవేం కథలమ్మా" అని పేజీ తిప్పెయ్యకండి. ఈ కథల గురించి వాటి అభిమానులు పడే గొడవలు వింటే, ఇవన్నీ మన గొడవలే కదా అనిపిస్తుంది.

ముందు మూసల సంగతి చూద్దాం. 2022 నవంబరులో థాయ్‌లాండ్‌లో 'గ్యాప్' అని ఒక సీరియల్ మొదలైంది. ఇద్దరమ్మాయిల ప్రేమని పూర్తి సీరియల్‌గా తీయడం అక్కడ అదే మొదలట. ఫ్రీన్, బెకీ అనే ఇద్దరు తారలకి దాంతో దేశదేశాల్లో అభిమానులు పుట్టుకొచ్చారు. ఇంతకీ కథేమిటయ్యా అంటే, ఒక పెద్దింటి అమ్మాయి కంపెనీ నడుపుతుంది. మహా గర్విష్ఠి. అందులోకి మామూలు ఇంటి పిల్ల ఉద్యోగానికి చేరుతుంది. ఇద్దరికీ మొదట పొసగదు, తరువాత మనసులు కలుస్తాయి. మధ్యలో నాయనమ్మ గారు అడ్డం. తాను కుదిర్చిన పెళ్ళే జరగాలంటుంది. ఎక్కడో విన్నట్టు లేదూ? యద్దనపూడి వారి 'సెక్రటరీ' చదివినవాళ్ళకి ఆఫీసు, దర్పం, ఆ బెట్టు, అలకలు అన్నీ పరిచయమే. రాజశేఖరం స్థానంలో ఓ అమ్మాయిని కూర్చోబెట్టారు, అంతే. చివరికి నాయనమ్మ మెత్తబడుతుంది, పెళ్ళి జరుగుతుంది.

"ఇంత పాత కథకి అంత గొప్పేమిటి?" అని కొందరు అభిమానులే విసుక్కున్నారు. "పాత కథ మాకెప్పుడిచ్చారు గనక?" అన్నది రెండో పక్షం జవాబు. నాకు రెండో పక్షమే నచ్చింది. అరిగిపోయిన చీరైనా కట్టుకుంటేనే కదా అరిగేది!

ఎందుకంటే ఇన్నాళ్ళూ వీళ్ళ కథలకి ఉన్న ముగింపు ఒకటే, చావు. 2016 మార్చిలో అమెరికాలో 'ది హండ్రెడ్' అనే సీరియల్‌లో లెక్సా అనే నాయకురాలు, ఆమె ప్రేమించిన అమ్మాయి ఎట్టకేలకు ఒక్కటవుతారు. అదే భాగంలో, ఎవరికో గురిపెట్టిన తూటా తగిలి లెక్సా చచ్చిపోతుంది. అభిమానులు భగ్గుమన్నారు. ఏ కథలో చూసినా ఇలా ప్రేమించుకున్న ఆడపిల్లలనే ముందు పాతిపెడతారేమని నిలదీశారు. వాళ్ళు తిట్టి ఊరుకోలేదండి. ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్న ఇలాంటి పిల్లలకి ఫోన్లో ధైర్యం చెప్పే ట్రెవర్ ప్రాజెక్ట్ అనే సంస్థకి లక్ష డాలర్లకు పైగా చందాలు పోగుచేసి ఇచ్చారు. సీరియల్ తీసిన పెద్దమనిషి బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు. ఒక పాత్ర చచ్చిపోతే అంత గొడవా అంటారేమో! ఆ కథ చూసే పదహారేళ్ళ పిల్ల "నాకూ ఇంతేనేమో" అనుకుంటుంది. గొడవంతా అందుకే.

మన దగ్గర మాత్రం తక్కువా? 2020 డిసెంబరులో వచ్చిన 'పావ కదైగళ్' అని నాలుగు తమిళ కథలున్నాయి. అందులో మన తెలుగు దర్శకురాలు సుధ కొంగర తీసిన కథలో, ఆడదానిగా బతకాలనుకున్న సత్తార్ ఊళ్ళో తలుపులన్నీ మూసుకుంటే చచ్చిపోతాడు. చూసి నేను అన్నం సరిగ్గా తినలేకపోయాను. మా వైపు ఒకావిడ మాత్రం వేరే వాదన తెచ్చింది. అదే సంకలనంలో మన రాజోలు అమ్మాయి అంజలి కవలలుగా వేసిన కథ ఉంది చూడండి, అందులో డ్రైవర్ని ప్రేమించిన పిల్లని తండ్రి మనిషే చంపేస్తాడు కదా, మరి చావు వీళ్ళకే రాసిపెట్టారని ఎలా అంటారు, గీత దాటిన ఆడపిల్ల ఎవరైనా చావాల్సిందే కదా అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

తెలుగులో వచ్చిన 'అ!' సంగతి ఇంకో రకం. 2018లో ప్రశాంత్ వర్మ తీసిన సినిమా. నిత్యామీనన్, ఈషా రెబ్బా ప్రేమికులు. ఆ పిల్ల తన ప్రేమని తల్లిదండ్రులకి పరిచయం చెయ్యడం ఎంతో సహజంగా ఉంటుంది. కానీ చివరికొచ్చేసరికి ఆ పాత్రలన్నీ ఒకే ఒక్క అమ్మాయి మనసులోవని తేలుతుంది. తెలివైన ముగింపే, కాదనను. అయినా ఒకే ఒక్క జంటని చూపించి, వాళ్ళూ నిజం కాదంటే ఎలాగండీ?

ఇక అభిమానులు పోట్లాడుకునే ఇంకో మూస ఉంది. వింటే మీకు మండుతుంది. అబ్బాయిల ప్రేమ కథల్లో ఇద్దర్లో ఒకణ్ణి 'పెళ్ళాం' అనడం! పొట్టిగా ఉన్నవాడు, ఏడ్చేవాడు, అలిగేవాడు పెళ్ళాం. ఎత్తుగా ఉండి అజమాయిషీ చేసేవాడు మొగుడు. అంటే పెళ్ళామంటే ఏడ్చేదీ అలిగేదేనా? ఇల్లు నడిపేది ఎవరో ఎవర్నడిగినా చెబుతారు! ఈ మాట మీద థాయ్ కథల అభిమానులే గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఈ కథల్లో అమ్మాయి ఎప్పుడూ అసూయతో చిచ్చు పెట్టే దుష్టురాలే కావాలా అని కూడా అడిగారు. న్యాయమైన ప్రశ్న. బలవంతంగా దగ్గరకి లాక్కోవడాన్ని ప్రేమ అనడం మీదా పెద్ద వాదనే నడిచింది. మన సినిమాల్లో హీరో వెంటపడి వేధిస్తే ఈలలు వేసిన రోజులు గుర్తున్నాయి కదా, దాని తమ్ముడే అది.

చైనా వాళ్ళది మరో తమాషా. 2019లో వచ్చిన 'ది అన్‌టేమ్డ్' నవలగా ఉన్నప్పుడు ఇద్దరు మగవాళ్ళ ప్రేమకథ. తెర మీదికొచ్చేసరికి అక్కడి నిబంధనల వల్ల స్నేహమైపోయింది. అయితేనేం, అభిమానులు ఒక్కో చూపునీ లెక్కపెట్టుకుని అర్థం చెప్పుకున్నారు. రెండు పువ్వులు ఒకదానికొకటి తగలగానే ముద్దని గ్రహించిన మనకి ఆ విద్య కొత్తా?

అభిమానం వెర్రితలలు వేస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. తెర మీద జంటని బయటా జంటే అనుకోవడం అన్నిచోట్లా ఉంది. 'హార్ట్‌స్టాపర్' అనే ఇంగ్లీషు సీరియల్ 2022లో వచ్చింది. అందులో నటించిన కిట్ కానర్‌ని "నువ్వు నిజంగా ఎవరివి, చెప్పు" అని వెంటపడి వెంటపడి, చివరికి ఆ ఏడాది అక్టోబరులో ఆ పద్దెనిమిదేళ్ళ పిల్లాడు తనకి ఇద్దరిమీదా ఇష్టం ఉంటుందని, బలవంతం మీద చెప్పాల్సి వచ్చిందని ప్రకటించుకున్నాడు. తమవాడే కావాలని కోరుకున్నవాళ్ళే వాడి నోట బలవంతంగా చెప్పించారు. ఇది నాకు బొత్తిగా నచ్చలేదు.

మనకి అన్నిటికంటే దగ్గరి వాదన మలయాళం 'కాతల్' తెచ్చింది. 2023లో మమ్ముట్టి, జ్యోతిక చేసిన సినిమా. ఇరవయ్యేళ్ళ కాపురం చేశాక భార్య ఓమన విడాకులడుగుతుంది, భర్తకి మగవాళ్ళమీదే మనసని చెప్పి. అందరూ మమ్ముట్టి ధైర్యాన్ని మెచ్చుకున్నారు. నా మనసు ఓమన దగ్గరే ఆగింది. "పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకుంటాయి" అని పెద్దలు తోసేస్తే రెండు బతుకులు తెల్లారాయి. ఈ మాట మన ఇళ్ళలో వినబడదంటారా? పిల్లాడేదో తేడాగా ఉన్నాడనగానే తొందరపడి సంబంధం చూస్తారు. వచ్చే కోడలు ఎవరి కూతురో ఆలోచించరు. ఇది జబ్బు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే తన జాబితాలోంచి తీసేసింది. మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న నేరం కాదంది. వైద్యం పేరుతో 'మార్చే' ప్రయత్నాలు వద్దని మద్రాసు హైకోర్టు 2021లో చెప్పింది. పెళ్ళి హక్కు మాత్రం 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇవ్వలేదు. థాయ్‌లాండ్‌లో 2025 జనవరి 23 నుంచి అదీ వచ్చింది. అందుకే 'గ్యాప్'లో కథగా జరిగిన పెళ్ళి ఇప్పుడక్కడ రిజిస్టరాఫీసులోనూ జరుగుతుంది.

ఇంత విన్నాక "మన సంప్రదాయంలో ఇవెక్కడున్నాయి" అనే వాళ్ళుంటారు. ఆ వాదనలో ఎవరో ఒకరు ర్యాలి గుడిని తెస్తారు. ముందు కేశవస్వామి, వెనక జగన్మోహిని, ఒకే శిల. దాన్ని ఈ తగువులోకి లాగడం నాకిష్టం లేదు. దేవుణ్ణి దణ్ణం పెట్టుకోనివ్వండి.

మా ఇంట్లో ఇంకా తెగని పేచీ ఒకటుంది. 2021 అక్టోబరులో మొదలైన థాయ్ సీరియల్ 'బ్యాడ్ బడ్డీ'. పక్కపక్క ఇళ్ళు, రెండు కుటుంబాలకీ పాతపగ, ఆ ఇంటి అబ్బాయి, ఈ ఇంటి అబ్బాయి. చివర్లో చావూ లేదు, పెళ్ళీ లేదు. ఏళ్ళు గడిచాక కూడా పిల్లలు దాస్తూనే ఉంటారు, పెద్దవాళ్ళకి తెలుసు, తెలియనట్టు ఉంటారు. మా అత్తగారు "ఆ పెద్దవాళ్ళు మంచి పని చేశారు, పరువూ పోలేదు, పిల్లలూ పోలేదు" అన్నారు. మా అమ్మాయి "తెలిసి కూడా పండక్కి ఇద్దర్నీ కలిపి భోజనానికి పిలవలేదు కదా మామ్మా" అంది. అత్తగారు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ రెండో పిల్లాడి వాళ్ళమ్మ ముందు పిలవాలి, గొడవ మొదలైంది వాళ్ళింట్లో కాదుటే?" అన్నారు. అది కాదు, ఇవతలి తండ్రి చేసిన మోసం వల్లే మొదలైందని మా అమ్మాయి పాత భాగం వెతికి పెట్టింది. ఇద్దరూ మళ్ళీ మొదటినుంచీ చూస్తున్నారు.