ఒంటి వేడి చాలని చోట

రామగుండం ఎన్టీపీసీ సామర్థ్యం 2,600 మెగావాట్లు. దాని పొగగొట్టాలు కనిపించే ఊళ్లలోనే ఎవరి ఛాతీలోనో ఉన్న పేస్‌మేకర్ 25 మైక్రోవాట్లు, అటూఇటుగా, తీసుకుని ఏళ్లకేళ్లు గుండెను నడుపుతుంది. అక్కడ దుబారా అయితే బొగ్గు దండగ. ఇక్కడ దుబారా అయితే కొత్త బ్యాటరీ కోసం మనిషిని మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కించాలి. ఈ కథనం రెండో లెక్కకు సంబంధించింది. ఒంట్లో అమర్చిన లోహపు తీగను తక్కువ ఖర్చుతో వేడిచేయడం ఎలా అన్నది అందులోని చిక్కు ప్రశ్న.

కరీంనగర్ ఫిలిగ్రీకి 2007లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అక్కడి పనివాళ్లు వెండిని సన్నటి తీగలుగా లాగి, కాల్చి మెత్తబరిచి, చుట్టలు చుట్టి లతలు అల్లుతారు. ఆ తీగ ఎటు వంచితే అటే ఉంటుంది. ఎంత కాల్చినా పాత రూపానికి రాదు. నికెల్, టైటానియం దాదాపు సగం సగం కలిసిన నిటినాల్ తీరు వేరు. కావలసిన రూపంలో బిగించి 500 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచితే ఆ రూపం దానికి స్థిరపడిపోతుంది. తర్వాత చల్లబరిచి నలిపి గొట్టంలోకి దూర్చినా, తగిన వేడి తగలగానే విప్పుకొని మొదటి రూపానికి వచ్చేస్తుంది. ఎంత వేడికి విప్పుకోవాలో కూడా మనమే నిర్ణయించవచ్చు. పరమాణువుల లెక్కలో నికెల్ 0.1 శాతం మారితే చాలు, ఆ ఉష్ణోగ్రత పది డిగ్రీల దాకా జరుగుతుంది. అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో విలియం బ్యూలర్, ఫ్రెడరిక్ వాంగ్ ఈ గుణాన్ని బయటపెట్టి అరవై ఏళ్లు దాటింది.

వైద్యులకు ఇందులో నచ్చింది, వేడి ఉచితంగా దొరకడం. మనిషి రక్తం 37 డిగ్రీల దగ్గర ఉండనే ఉంది. మోరిస్ సైమన్ రూపొందించిన ఫిల్టర్ సంగతే చూడండి. కాలి సిరల్లో పుట్టిన గడ్డ ఊపిరితిత్తులకు చేరకుండా పెద్ద సిరలో అడ్డుపడే పరికరమది. చల్లని సెలైన్ పారిస్తూ నిటారు తీగలుగా గొట్టంలోంచి పంపిస్తారు. వెచ్చని రక్తం తాకగానే అది గొడుగులా విచ్చుకుంటుంది. అమెరికాలో 1990లో దానికి అనుమతి వచ్చింది. కాలి ధమనుల్లో వేసే స్టెంట్లు, పిల్లల గుండె గోడలో రంధ్రం మూసే జాలీలు కూడా ఈ లోహంతో చేసినవే. బ్యాటరీ లేదు, కరెంటు లేదు.

ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే మన దగ్గర, "ఎండలకు లోపలి తీగ మళ్ల సాగదా సారూ?" అని అడిగేవాళ్లు ఉంటారు. సాగదు. బయట ఎంత కాగినా ఒంటి లోపల 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది. జ్వరమొచ్చి 40కి పోయినా, ఒకసారి పూర్తిగా విప్పుకున్న స్టెంట్‌కు ఇంకా విప్పుకోవడానికేమీ మిగలదు. ఆదిలాబాద్ చలికీ ఇదే జవాబు. ఈ లోహం ఆట చూడాలంటే నోట్లో చూడాలి. పళ్లు సరిచేసే రాగి కలిపిన నిటినాల్ తీగల్లో 35 డిగ్రీల రకం ఒకటుంది. చల్లని నీళ్లు తాగితే మెత్తబడి పట్టు వదులుతుంది, వేడి చాయ్ తాగితే మళ్లీ బిగుస్తుంది.

తెరుచుకుని మళ్లీ మూసుకోవలసిన పరికరానికి మాత్రం ఒంటి వేడి సరిపోదు. మూత్రాన్ని ఆపి వదిలే కవాటం అలాంటిదే. లెక్క వేద్దాం. గ్రాము నిటినాల్ లోపలి అమరిక మారడానికే సుమారు 20 జౌళ్లు కావాలి. 37 నుంచి 45 డిగ్రీలకు చేర్చడానికి ఇంకో నాలుగు. చుట్టూ పారే రక్తం పట్టుకుపోయే వేడిని పక్కన పెట్టినా మొత్తం 25 జౌళ్లు అనుకోవచ్చు. పేస్‌మేకర్ ఆ శక్తితో పదకొండు రోజులు పనిచేస్తుంది. దాని బ్యాటరీలో ఉండేది సుమారు 10,000 జౌళ్లు. గ్రాము తీగ ఉన్న కవాటాన్ని రోజుకు ఆరుసార్లు తెరిస్తే పదేళ్ల బ్యాటరీ రెండు నెలలకే ఖాళీ. పైగా ఈ తీగలు తీసుకున్న వేడిలో పదో వంతు కూడా కదలికగా మార్చలేవు.

తీగను సన్నం చేస్తే ఖర్చు తగ్గుతుంది, బలమూ తగ్గుతుంది. కరెంటును చిన్న చిన్న విసురులుగా పంపితే వేడి బయటికి కారేలోపే పని జరుగుతుంది. ఇక్కడ నిబంధన ఒకటి అడ్డొస్తుంది. అమర్చిన పరికరం పైభాగం చుట్టుపక్కల ఒంటి కంటే రెండు డిగ్రీలకు మించి వేడెక్కరాదు. అంటే లోపల 45, పైన 39. అందుకోసం తీగకు పాలిమర్ తొడుగు వేస్తే, అదే తొడుగు చల్లబడటాన్ని ఆలస్యం చేస్తుంది.

నన్నడిగితే అసలు తిప్పలు వేడెక్కించడంలో కంటే చల్లార్చడంలోనే ఉన్నాయి. మామూలు నిటినాల్ ముందుకు మారే ఉష్ణోగ్రతకూ వెనక్కి మారే ఉష్ణోగ్రతకూ మధ్య 20–30 డిగ్రీల తేడా ఉంటుంది. 45 దగ్గర తెరుచుకున్న తీగ మళ్లీ మూసుకోవాలంటే 20కి దిగాలి. బతికున్న ఒంట్లో అది కుదరదు. రాగి కలిపితే తేడా పది డిగ్రీలకు తగ్గుతుంది. ఆర్-ఫేజ్ అనే మధ్యస్థ అమరికను వాడితే కొద్ది డిగ్రీలే, శక్తి ఖర్చూ తక్కువే. కదలిక మాత్రం ఒక శాతం లోపే. ఇంకో దారి, మధ్యలో గడియ పెట్టడం. తెరిచేటప్పుడొకసారి, మూసేటప్పుడొకసారి వేడిచేస్తే చాలు, మధ్యలో గడియే పట్టుకుంటుంది.

జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయం వారు కృత్రిమ మలద్వార కవాటానికి ఈ తీగలు వాడి, చర్మం మీది తీగచుట్ట నుంచి లోపలి తీగచుట్టకు శక్తిని పంపి చూశారు. బ్యాటరీ బాధ తప్పుతుంది కానీ, రోజూ వాడే పరికరానికి బయటి చుట్ట, దాని ఛార్జింగ్ రోగి వెంటే తిరగాలి.

మనవైపు పునాది లేకపోలేదు. గుండె వైద్యుడు డాక్టర్ సోమరాజుతో కలిసి అబ్దుల్ కలాం 1990లలో తెచ్చిన చవక స్టెంట్ హైదరాబాద్ లోహ పరిజ్ఞానం చలవే, కాకపోతే అది స్టెయిన్‌లెస్ స్టీలు. కంచన్‌బాగ్‌లో మిధానీ సంస్థ టైటానియం మిశ్రలోహాలు చేస్తోంది, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో స్టెంట్లు తయారవుతున్నాయి.

మన జిల్లాలకు పనికొచ్చేది ఏదంటే నేను జర్మనీలోని హనోవర్ పరిశోధకుల ప్రయోగం వైపు చూపిస్తాను. ఎముక లోపల దించిన నిటినాల్ కడ్డీని, చర్మం కోయకుండా బయటి నుంచి విద్యుదయస్కాంత ప్రేరణతో వేడిచేసి, దాని బిరుసుదనం మార్చవచ్చేమోనని ఎలుకల్లో పరీక్షించారు. విరిగిన ఎముకకు మొదట ఒక తీరు పట్టు కావాలి, అతుకుతున్న కొద్దీ ఇంకో తీరు. ఇందులో బ్యాటరీ ఉండదు, రోజూ ఛార్జింగ్ ఉండదు. ఆ మార్పు ఒకటి రెండుసార్లే అవసరం. వేడిచేసే యంత్రం ఆదిలాబాద్ రిమ్స్ ఆసుపత్రిలో ఉంటే చాలు, ఉట్నూరు నుంచి వచ్చిన మనిషి గంట కూర్చుని బస్సెక్కి వెళ్లిపోవచ్చు. మనుషుల దాకా రావడానికి ఇంకా చాలా పరీక్షలు మిగిలే ఉన్నాయి.