వేరుశనగ చేనిలో కంది సాళ్ళు

వర్షాధారముగా వేరుశనగ పండించు రాయలసీమ రైతులనేకులు పెట్టుబడినంతయు ఒక్క పైరుమీదనే పెట్టుచున్నారు. అనంతపురము ప్రాంతమున ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. అదియైనను వేళకు రాదు. ఊడలు దిగి కాయ ఊరు సమయమున మూడు వారములు వాన లేకున్నచో కట్టె మిగులును గాని కాయ మిగులదు. విత్తనముకై చేసిన అప్పు మాత్రము నిలిచియుండును. మూడు నాలుగు ఎకరముల రైతు ఈ దెబ్బకు తాళలేడు. కావున వేరుశనగలో కందిని అంతరపంటగా వేయుట మేలు.

కందియే ఎందుకు?

వేరుశనగ ఇంచుమించు 110 దినములలో కోతకు వచ్చును. కంది ఐదారు నెలల పైరు. మొదటి రెండు నెలలు అది మెల్లగా ఎదుగును గనుక వేరుశనగకు నీడ పట్టదు. దాని తల్లివేరు లోతునకు పోయి, పైమన్ను ఎండినను అడుగు తేమను అందుకొనును. వేరుశనగకు ఆలస్యమైన వాన కందికి అక్కరకు వచ్చును. రాలిన ఆకు నేలకు ఎరువగును.

విత్తు విధము

ఏడు సాళ్ళు వేరుశనగ, ఎనిమిదవ సాలు కంది విత్తవలెను. సాలుకు సాలుకు 30 సెంటీమీటర్లుండిన, కంది వరుసల నడుమ 2.4 మీటర్లు వచ్చును. కంది మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు ఉంచవలెను. ఎకరమునకు కిలో, కిలోంబావు కంది విత్తనము చాలును. ఎనిమిదింట ఒక సాలు తగ్గుటచే వేరుశనగ దిగుబడి కొంత తగ్గును. చెడ్డ ఏడు గట్టెక్కుటకు ముందుగా కట్టు రుసుముగా దానిని ఎంచుకొనుడు.

చేని చుట్టు కాపు

2000 సంవత్సరము ఖరీఫులో నాటి అనంతపురము జిల్లాలో కాండము కుళ్ళు వైరసు తెగులు రెండు లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగను దెబ్బతీసెను. వయ్యారిభామ పుప్పొడితో ఈ వైరసును తామరపురుగులు పైరునకు చేర్చును. అందుచే వయ్యారిభామను పూతకు రాకమునుపే పెరికివేయవలెను. చేని చుట్టు నాలుగు వరుసల జొన్న గాని సజ్జ గాని ఒత్తుగా వేసిన, గాలితో వచ్చు తామరపురుగులకు అడ్డు నిలుచును. ఇంటికి గింజ, పశువులకు చొప్ప లభించును.

మరువరాని రెండు సంగతులు

పూత, పిందె దశలలో కందిని కాయతొలుచు పురుగు ఆశించును. వారమునకు రెండుమార్లు చేను తిరిగి చూడుడు. పురుగు కనిపించినచో మొక్క క్రింద పట్ట పరచి, కొమ్మలు దులిపి, రాలిన పురుగులను చంపవలెను.

రెండవది పశువుల బెడద. వేరుశనగ పీకగానే ఊరి పశువులను, జీవాలను చేలలోనికి వదలు అలవాటు గలదు. అప్పటికి కంది ఇంకను పచ్చిగా నుండును. ఒక్కరే వేసినచో కావలికే చాలదు. కావున పక్క చేల రైతులతో కలిసి ఒకే చోట వేయుడు. కంది ఇల్లు చేరువరకు మేపు ఆపవలెనని విత్తుటకు ముందే ఊరిలో కట్టడి చేసికొనుడు.

ఈ ఏడు ఒక్క ఎకరములో వేసి చూడుడు. ఖర్చు, రాబడి పక్క ఎకరముతో సరిపోల్చి వ్రాసి ఉంచుడు. వచ్చే ఏటి సంగతి ఆ లెక్కయే చెప్పును.