ముసలి గుర్రపు స్నేహం



మన మలేషియాలో గుర్రపు పందెములు పాతకాలం నుండి ఉన్నవి. సెలంగోర్ టర్ఫ్ క్లబ్బు 1896లోనే స్థాపింపబడినది. పందెపు గుర్రం సాధారణంగా పదేండ్లు నిండకముందే పరుగు మానుతుంది. కాని గుర్రం 25 నుండి 30 ఏండ్ల వరకు జీవించగలదు. మిగిలిన ఆ కాలమంతా దానిని ఎవరు పోషించాలి?

దయగలవారు అట్టి గుర్రమును చేరదీస్తారు. ఇరవై ఏండ్లు దాటిన గుర్రమును ముసలిదనే చెప్పవచ్చును. దాని దంతములు అరిగిపోయి గడ్డిని సరిగా నమలలేదు. కనుక దాణాను నీటిలో నానబెట్టి మెత్తగా పెట్టాలి. మన ఎండలకు నీడ, స్నానం తప్పనిసరి. కీళ్ళు బిగుసుకొనకుండ ప్రతిదినం నెమ్మదిగా నడిపించాలి.

ఇంత శ్రమకు ఫలమేమి? లోకమును చాలా చూచిన గుర్రం చిన్న శబ్దములకు తేలికగా బెదరదు. అందుచేత నెమ్మదిగల ముసలి గుర్రం స్వారి నేర్చుకొనే పిల్లలకు మంచి గురువు. తనను పోషించేవారి గొంతును అది గుర్తుపడుతుంది. వీపుపై మోయలేని నాడు కూడ మన ప్రక్కన నడుస్తుంది. దానితో గడిపేవారికి ఓర్పు అలవడుతుంది.

పనికి వచ్చినన్నాళ్ళే ఆదరించుట స్నేహం కాదు. మీరు పెంచుకొనే జంతువు ముసలిదైనప్పుడు ఈ మాట మరువకండి.