తీరపు బడులకు స్వదేశీ బోర్డు

2024 డిసెంబరు 30వ తేదీన శ్రీహరికోటనుండి పి.యస్.యల్.వి.-సి60 రాకెట్టు యెగసెను. మన దేశమున రూపొందిన విక్రమ్ 3201 ప్రాసెసరు అందు అంతరిక్షపరీక్షకు నిలిచి నెగ్గినది. రాకెట్టు వెలుగు నెల్లూరు తీరమెల్ల కనిపించును. ఆ విద్య పల్లెబడికిని చేరవలదా?

ప్రోగ్రామింగు నేర్పుటకు తగిన సాధనమును సీ-డాక్ సంస్థ ఇదివరకే సిద్ధపరచినది. అది ఏరీస్ బోర్డు. అందలి తేజస్32 మైక్రోకంట్రోలరు ఆ సంస్థవారి వేగా ప్రాసెసరుతో పనిచేయును. అయినను చేయుటతో పని ముగియదు, పంచవలెను, నేర్పవలెను. 2016లో బ్రిటనునందు సుమారు పది లక్షల బాలబాలికలకు మైక్రోబిట్ బోర్డులను ఉచితముగా పంచిరి.

తెల్లవారుజామున రొయ్యలచెరువులలో ప్రాణవాయువు తగ్గుట మన రైతులెరిగినదే. దానిని కొలుచు సెన్సారును బోర్డుకు కలిపి, హద్దుకు తగ్గినంతనే గంట మ్రోగునట్లు ప్రోగ్రాము వ్రాయుట ఉన్నతపాఠశాల విద్యార్థికి అసాధ్యము కాదు.

కాని తెలుగు పాఠములును, శిక్షణ పొందిన ఉపాధ్యాయుడును లేనిచో బోర్డు బీరువాలో దుమ్ముపట్టును. ఆలయములకును సత్రములకును విరాళములిచ్చు వంశములవారు తమ గ్రామపు బడికి పది బోర్డులును, ఒక ఉపాధ్యాయుని శిక్షణవ్యయమును ఒసగవలెనని మా మనవి. రాకెట్టును చూచి చప్పట్లు చరచు పిల్లలు దానిని నడుపు విద్యకును వారసులు కావలెను.