మీకు తెలుసా? ‘ఉప్పాడ’కు 19 బైట్లు కావాలి!

జాందానీ చీరల ఊరు ఉప్పాడ పేరు కంటికి మూడక్షరాలే. సీ భాషలో రాసిన ప్రోగ్రాముకు మాత్రం అంతకంటే చాలా పెద్దది.

• యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు యూనికోడ్ సంకేతానికి 3 బైట్లు. ఉ, ప, పొల్లు, ప, దీర్ఘం, డ: 6 సంకేతాలు, 18 బైట్లు. ముగింపు తెలిపే సున్నా బైటుతో 19.

• చోటు చాలకపోయినా, పాఠాన్ని కాపీ చేసే ‘ఎస్‌టీఆర్‌సీపీవై’ ఆగదు, పక్క మెమరీ మీద రాసేస్తుంది. 1988లో మోరిస్ వర్మ్ అనే హానికర ప్రోగ్రాము వాడుకున్న దారుల్లో ఒకటి, ఇలాగే హద్దు చూడని ‘గెట్స్’ ఫంక్షన్. 2011 నాటి సీ ప్రమాణం దాన్ని తొలగించింది.

• ‘ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్’కు బఫర్ (పాఠం రాసే మెమరీ చోటు) పరిమాణం సరిగ్గా చెబితే హద్దు దాటదు. అది తిరిగిచ్చే సంఖ్య ఆ పరిమాణానికి సమానమైనా, మించినా పాఠం తెగిపోయినట్టే. తెగిన ఫైలు పాత్‌తో ఫైలు తెరిస్తే వేరే ఫైలు పాడు కావచ్చు. అక్కడే ఆపి, లోపం చూపాలి.

• లినక్స్‌లోని ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు. అంటే 85 తెలుగు సంకేతాలే.

అందుకే బఫర్‌ను అక్షరాల్లో కాదు, బైట్లలో కొలవాలి. ప్రతి ప్రోగ్రామునూ తెలుగు పేర్లతోనూ పరీక్షించాలి.