బ్రేకు తెగిన బూజు

రేపల్లె వైపు పొలాల్లో వానకు తడిసిన వరిగడ్డి వామిలో చెయ్యి పెడితే లోపల వేడి తగులుతుంది, ముక్క వాసన గుప్పున కొడుతుంది. గడ్డి పాడైందంటాడు రైతు. లోపల బూజులూ సూక్ష్మజీవులూ విందు చేసుకుంటున్నాయి. బూజుకు నోరు లేదు, పొట్ట లేదు. సెల్యులేజ్ ఎంజైములను బయటికి వదిలి, గడ్డి పీచును గ్లూకోజ్‌గా విరగ్గొట్టి, ఆ తీపిని పీల్చుకుంటుంది. జీన్స్‌కు పాతబడ్డ కళ తేవడానికైనా, గడ్డి నుంచి ఇథనాల్ తీయడానికైనా ఫ్యాక్టరీలకు కావలసింది ఈ సెల్యులేజే.

చిక్కేమిటంటే, బూజు పిసినారి. గ్లూకోజ్ కంటబడగానే ఎంజైముల తయారీ ఆపేస్తుంది.

వరిలో లోపం కనిపిస్తే బాపట్లలో సంకరం చేస్తారు. 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే మన సాంబ మసూరి, జీఈబీ 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి రకాల కలయిక. సెల్యులేజ్ కోసం వాడే ట్రైకోడెర్మా రీసీ అనే బూజుకు ఆ దారి కనబడలేదు. తెగుళ్లకు మన రైతులు వాడే ట్రైకోడెర్మా పొడికి ఇది దాయాదే. రెండో ప్రపంచయుద్ధంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైనికుల గుడారాల గుడ్డను తింటూ దొరికింది. దీనికీ జోడీ కుదురుతుందని 2009లో గాని తేలలేదు. అందాకా ఉత్పరివర్తనాలే, అంటే డీఎన్‌ఏలో మార్పులు పుట్టించి మంచివి ఏరుకోవడమే గతి.

సిద్ధబీజాలను నీళ్లలో కలిపి, 254 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద పెడతారు. తొంభై శాతానికి పైగా చచ్చినా పరవాలేదు. ఆ వెంటనే చీకట్లో దాచాలి. మామూలు వెలుతురు తగిలితే ఆ వెలుగు సాయంతోనే డీఎన్‌ఏ గాయాన్ని మాన్పుకుంటాయి. దీపం పని నిమిషాల్లో అయిపోతుంది. అసలు చాకిరీ ఏరడంలో ఉంది, నా దృష్టిలో తెలివీ అక్కడే ఉంది. సెల్యులోజ్ కలిపిన అగర్ పళ్లెం మబ్బుగా ఉంటుంది. ఎంజైము బాగా వదిలే బూజు చుట్టూ ఆ మబ్బు విడిపోయి తేట వలయం ఏర్పడుతుంది. తెనాలి డిగ్రీ విద్యార్థి కూడా చూసి పోల్చుకోగలడు.

1970ల చివర రట్గర్స్ విశ్వవిద్యాలయంలో మోంటెనెకోర్ట్, ఈవ్లీ అనే శాస్త్రవేత్తలు ఆ పళ్లెంలో ఒక మోసం కలిపారు. డీఆక్సీగ్లూకోజ్ చూడటానికి గ్లూకోజే, తిండికి మాత్రం పనికిరాదు. అది ఎదురుగా ఉన్నా ఎంజైము ఆపని మొండి బూజును ఏరారు. అదే రట్-సీ30. తర్వాత జన్యువులు చదివితే, తయారీని ఆపించే క్రె1 జన్యువు చాలావరకు తెగిపోయి ఉంది. 29 జన్యువులున్న ఇంకో ముక్క ఏకంగా మాయమైంది.

ఫ్యాక్టరీ ట్యాంకులో తిండి మనం పెడతాం కాబట్టి ఈ అవిటితనం చెల్లుతోంది. రేపల్లె గడ్డివామిలో వదిలితే, అది ఖర్చుపెట్టి చేసిన గ్లూకోజ్‌ను పక్కనున్న నాటు బూజులు తాగేస్తాయి.