పాట వెనక పనిమంతురాలు

ఒక పాట నచ్చితే ఏం చేస్తాం? ఎవరు పాడారు, ఎవరు రాశారు, సంగీతం ఎవరిది అని అడుగుతాం. ఆ గొంతునీ, వాయిద్యాలనీ మైకుల్లో పట్టి, ఏది ముందు వినిపించాలో ఏది వెనక ఉండాలో తూచి కలిపిన మనిషి ఎవరని మాత్రం అడగం. ఆ మనిషే రికార్డింగ్ ఇంజినీరు. కూరలో ఉప్పులాంటి పని అది. సరిగ్గా ఉంటే ఎవరూ మాటెత్తరు, తేడా వస్తే అందరికీ తెలిసిపోతుంది!

ఈ రంగంలో ఆడవాళ్లు బహు తక్కువ. అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు బాగా ఆదరణ పొందిన పాటల్ని పరిశీలించి 2018లో లెక్క చెబితే, ప్రొడ్యూసర్లలో స్త్రీలు 2 శాతమే తేలారు. అందుకే సూసన్ రోజర్స్ గురించి మీకు చెప్పాలనిపించింది.

ఆవిడ 1956లో కాలిఫోర్నియాలో పుట్టారు. హైస్కూలు పూర్తి కాకుండానే చదువు ఆగింది, పెళ్లయింది. ఆ కాపురంలో సుఖం లేదు. ఒకసారి లాస్ ఏంజెలిస్ దగ్గర ఫోరమ్ అనే పెద్ద హాల్లో లెడ్ జెప్పెలిన్ కచేరీకి వెళితే, పదిన్నరకల్లా ఇంట్లో ఉండాలన్న భర్త ఆంక్షతో మధ్యలోనే లేచి రావలసి వచ్చింది. ఎప్పటికైనా ఇక్కడికే తిరిగొచ్చి సౌండ్ మిక్సింగ్ చేస్తానని అప్పుడే మనసులో ఒట్టు పెట్టుకున్నారట!

ఆవిడకి పాడటం రాదు, వాయించటం రాదు. కాపురం వదిలి వచ్చాక, హాలీవుడ్‌లో సౌండ్ పాఠాలు చెప్పే ఒక సంస్థలో రిసెప్షనిస్టుగా చేరారు. యంత్రాలు బాగుచేసేవాళ్లకి పనికి ఎప్పుడూ లోటుండదన్న మాట అక్కడ చెవిన పడింది. అంతే, ఎలక్ట్రానిక్స్ పుస్తకాలు తెప్పించుకుని సొంతంగా చదువుకున్నారు. 1978లో స్టూడియో యంత్రాలు బాగుచేసే కంపెనీలో ట్రైనీగా చేరి, సోల్డరింగ్ ఐరన్ చేతబట్టారు.

1983లో మినెసోటాలో ఉండే గాయకుడు ప్రిన్స్‌కి టెక్నీషియన్ కావాలన్నారు. రిపేర్లకని వెళ్లిన మనిషిని ఆయన ఇంజినీరు కుర్చీలో కూర్చోబెట్టారు! ‘పర్పుల్ రెయిన్’ నుంచి 1987 నాటి ‘సైన్ ఓ ద టైమ్స్’ దాకా ఆయన ఆల్బమ్‌ల వెనక ఈవిడ చెయ్యి ఉంది. పగలూ రాత్రీ తేడా లేని పని. 1986లో ఆయన ఇంట్లో కొత్త మిక్సింగ్ కన్సోల్ బిగిస్తుంటే, అది పూర్తిగా సిద్ధం కాకముందే ఆయన పాట మొదలుపెట్టేశారు. కరెంటు సరఫరా సగమే అందడంతో శబ్దం మూసుకుపోయినట్టు వచ్చింది. ఈవిడకి గుండెల్లో రాయి పడింది. ఆయనేమో ఆపకుండా పాట పూర్తి చేశారు. ‘ద బాలడ్ ఆఫ్ డొరొతీ పార్కర్’లో వినిపించే ఆ మసక శబ్దమే ఇప్పటికీ అభిమానులకి ముద్దు! ఆయన టేపులన్నీ ఒకచోట చేర్చి భద్రపరిచే పని మొదలుపెట్టింది కూడా ఈవిడే.

తర్వాత ప్రొడ్యూసర్ అయ్యారు. పాట ఎలా ఉండాలి, ఏ టేకు ఉంచాలి అన్నది కళాకారులతో కలిసి తేల్చే బాధ్యత అది. బేర్‌నేకెడ్ లేడీస్ అనే కెనడా బృందానికి (పేరుకే లేడీస్, అందరూ మగవాళ్లే!) 1998లో ‘స్టంట్’ ఆల్బమ్ చేసినవాళ్లలో ఈవిడ ఒకరు. అందులోని ‘వన్ వీక్’ అమెరికాలో మొదటి స్థానానికి చేరింది.

ఆ డబ్బుతో ఏం చేశారనుకుంటున్నారు? కాలేజీలో చేరారు! అదీ నలభై నాలుగేళ్ల వయసులో, డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లల పక్కన. 2010లో కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ అందుకున్నారు. సంగీతాన్ని మన మెదడు ఎలా వింటుందన్నదే ఆవిడ విషయం. బోస్టన్‌లోని బర్క్లీ సంగీత కళాశాలలో పాఠాలు చెప్పారు, 2022లో మరొకరితో కలిసి పుస్తకం రాశారు. అన్నట్టు, ఆ ఫోరమ్ ఒట్టు కూడా ప్రిన్స్ కచేరీల రోజుల్లోనే తీరింది.

‘ఈ వయసులో ఇంకేం చదువమ్మా!’ అన్న మాట మన ఇళ్లలో ఎన్నిసార్లు వినమూ? ఈసారి ఎవరైనా అంటే ఈవిడ పేరు చెప్పండి. మిక్సీ మొరాయించిందని రిపేరుకి పంపే ముందు, అమ్మాయిని ఓసారి స్క్రూడ్రైవర్ పట్టుకోనివ్వండి. ఏ పని ఎక్కడికి దారి తీస్తుందో ఎవరికి తెలుసు!